పాత హామ్‌కు పాత విద్యే పెట్టుబడి

ప్రభుత్వ లైసెన్సు పొందిన ఔత్సాహికులు తమ సొంత ట్రాన్స్‌మీటరు, రిసీవరు, యాంటెన్నాలతో ప్రపంచంలోని ఇతర ఔత్సాహికులను పలకరించే అభిరుచే హామ్ రేడియో. ఇందులో జీతం లేదు, వ్యాపారం లేదు. భారత్‌లో కేంద్ర టెలికాం శాఖకు చెందిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పరీక్ష పెట్టి, లైసెన్సుతో పాటు ఒక కాల్‌సైన్ ఇస్తుంది. వీయూ2, వీయూ3 అని మొదలయ్యే ఆ అక్షరాలే గాలిలో ఆ మనిషి పేరు. 1980లు, 1990లలో తెలుగు ప్రాంతాల్లో ఎందరో విద్యార్థులు, అధ్యాపకులు, ఇంజనీర్లు ఈ లైసెన్సు తీసుకున్నారు. 1983లో హైదరాబాదులో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వారిలో చాలామందికి దారి చూపింది. తర్వాత ఉద్యోగాలు, బదిలీలు, పిల్లల చదువులు వచ్చిపడ్డాయి. డాబా ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. యాంటెన్నా తీగ కిందికి దిగింది, రిగ్గు అనే రేడియో సెట్టు అటకెక్కింది. ఇరవై ముప్పై ఏళ్లు గడిచాక వారిలో కొందరు మళ్లీ ఆ పెట్టె కిందికి దించుతున్నారు.

అలా తిరిగి వచ్చేవారి గురించి లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మొబైలు, ఇంటర్నెట్ వచ్చాక హామ్ రేడియోకు పని లేదన్నది అందులో మొదటి మాట. ఇన్నేళ్లలో అంతా మారిపోయింది, పాత హామ్‌కు తెలిసిన విద్య ఇప్పుడు చెల్లదు, అతడు మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలన్నది రెండో మాట. మిగిలిన కాస్తా కంప్యూటర్ల పాలైంది, మనిషితో మనిషి మాట్లాడే సరదా పోయిందన్నది మూడోది. కాబట్టి తిరిగి రావడమంటే యౌవనాన్ని తలచుకుని మురిసిపోవడమే తప్ప మరేమీ కాదని తీర్పు చెబుతారు. ఈ అభిరుచి మేలు కోరేవారు కూడా తుపాను రోజుల్లో పనికొస్తుందన్న ఒక్క సమాధానంతో సరిపెట్టుకుంటారు.

ఈ అభిప్రాయం మొదలంటా తప్పు. హామ్ రేడియో ఏనాడూ టెలిఫోనుకు బదులుగా పుట్టలేదు. అది రేడియో తరంగాన్ని స్వయంగా పుట్టించి, దాని నడకను తెలుసుకునే విద్య. అందుకే మొబైలు దాని చోటును ఆక్రమించలేదు. అందుకే పాత హామ్ చేతిలో ఉన్న విద్యలో అసలైన భాగానికి ముప్పై ఏళ్లలో ఏ నష్టమూ కలగలేదు.

మొబైలు ఉండగా హామ్ ఎందుకనే వాదం

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిబంధనల్లో అమెచ్యూర్ సర్వీసుకు ఒక నిర్వచనం ఉంది. స్వీయ శిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధన అనే మూడింటి కోసం, ధనాపేక్ష లేకుండా, సొంత ఆసక్తితో జరిపే రేడియో సేవ అని దాని సారాంశం. స్వీయ శిక్షణ మొదట ఉంది, పరిశోధన చివర ఉంది, సంభాషణ ఆ రెంటి నడుమ ఉంది. వ్యాపార సందేశాలు పంపడం, అర్థం దాచే సంకేత భాష వాడడం ఈ సేవలో కుదరదు. కబుర్లు చేరవేయడమే లక్ష్యమైతే ఇలాంటి కట్టుబాట్లతో ఎవరూ ఒక సేవను ఏర్పాటు చేయరు.

చరిత్ర చెప్పేదీ అదే. అమెరికా 1912లో చేసిన రేడియో చట్టం ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకు తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. దూరప్రయాణానికి పొడవైన తరంగాలే తగినవని, పొట్టి తరంగాలు దేనికీ కొరగావని ఆనాటి నిపుణుల నమ్మకం. పనికిరావనుకున్న ఆ తరంగాలతోనే 1921 డిసెంబరులో అమెరికా ఔత్సాహికులు పంపిన సంకేతాలను స్కాట్లాండు తీరంలోని ఆర్డ్రోసన్ దగ్గర గుడారం వేసుకుని పాల్ గాడ్లీ విన్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నుంచి లియోన్ దెలోయ్, అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా ఇరువైపులా మాట కలిపారు. ఆ తర్వాతే షార్ట్‌వేవ్ విలువ వ్యాపార సంస్థలకు, ప్రభుత్వాలకు తెలిసివచ్చింది. ఆ రోజుల్లోనే, 1921లో, భారత్‌లో అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోస్ ఔత్సాహిక రేడియో కేంద్రాలు నడిపారు. 1937లో అమెరికాలోని వీటన్ పట్టణంలో గ్రోట్ రెబర్ అనే హామ్ తన పెరట్లో డిష్ కట్టి, ఆ తర్వాత ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను కొలిచాడు. రేడియో ఖగోళశాస్త్రం ఎదుగుదలలో అది పెద్ద మెట్టు. వీరిలో ఎవరూ కబురు చేరవేయడానికి వేరే దారి లేక రేడియో పట్టుకున్నవారు కారు. టెలిగ్రాఫు అప్పటికే ఉంది, టెలిఫోనూ ఉంది.

మొబైలు ఫోనులో మాట సమీపంలోని టవరుకు చేరి, అక్కడి నుంచి ఫైబరు తీగల్లో, సముద్రగర్భ కేబుళ్లలో నడుస్తుంది. మధ్యలో ఏం జరిగిందో మాట్లాడేవారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. హామ్ పంపే సంకేతం దారి వేరు. అది భూమికి దాదాపు 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోవరణపు ఎఫ్ పొరను తాకి వంగి, మూడు నాలుగు వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగగలదు. పగలు కింద ఏర్పడే డి పొర తక్కువ పౌనఃపున్యాలను మింగేస్తుంది, సూర్యాస్తమయంతో ఆ పొర కరిగిపోతుంది. అందుకే 7 మెగాహెర్ట్జ్ మీద పగటిపూట హైదరాబాదు నుంచి చెన్నై, ముంబై పలుకుతాయి, రాత్రయ్యాక ఖండాంతరాలు వినిపిస్తాయి. 14 మెగాహెర్ట్జ్ ఎక్కువగా పగటి దూరాలకు పనికొస్తుంది. సూర్యుడిపై మచ్చలు పెరిగిన ఏళ్లలో 28 మెగాహెర్ట్జ్ కొద్దిపాటి శక్తితోనే ప్రపంచాన్ని చుట్టి వస్తుంది. ఏ గంటకు ఏ బ్యాండు తెరుచుకుంటుందో ఊహించి, ఆ ఊహ నిజమో కాదో అప్పటికప్పుడు పరీక్షించుకోవడంలోనే హామ్‌కు ఆనందం. ఈ ఆనందాన్ని ఏ ఫోనూ ఇవ్వలేదు.

వ్యతిరేకవాదులు చూపే గట్టి సాక్ష్యం ఒకటుంది. జపాన్‌లో 1990ల మధ్యలో 13 లక్షలు దాటిన ఔత్సాహిక కేంద్రాల సంఖ్య ఇప్పుడు నాలుగు లక్షల లోపుకు పడిపోయింది. ఇది నిజం, దాచవలసిన పనిలేదు. అయితే ఆ 13 లక్షల్లో అత్యధికులు చుక్కలు, గీతల మోర్స్ సంకేతాల పరీక్ష అవసరం లేని ప్రవేశ స్థాయి లైసెన్సుతో, కారులోనో కొండమీదనో స్నేహితులతో మాట్లాడుకోవడానికి వచ్చినవారు. చేతిలోకి మొబైలు రాగానే వారికి రేడియో అవసరం తీరింది, వెళ్లిపోయారు. మాటల కోసం వచ్చినవారు మాటలకు సులువైన దారి దొరకగానే వెళ్లారు, రేడియో కోసం వచ్చినవారు ఉండిపోయారు. అదే మొబైలు, అదే ఇంటర్నెట్ ఇంటింటా ఉన్న అమెరికాలో ఔత్సాహిక లైసెన్సుల సంఖ్య ఏడు లక్షలకు పైనే ఉంది. మొబైలే హామ్ రేడియోను చంపేదైతే అమెరికాలోనూ చంపి ఉండాలి. కాబట్టి జపాన్ లెక్క వ్యతిరేకవాదానికి బలం చేకూర్చదు. హామ్ రేడియోను టెలిఫోనుగా పొరబడినవారే దాన్ని వదిలేశారని మాత్రం చెబుతుంది.

పాత విద్య చెల్లదనే వాదం

ఈ ముప్పై ఏళ్లలో మారినవి చాలా ఉన్నాయి. ట్యూబులు, క్రిస్టళ్లు, పెద్ద వేరియబుల్ కండెన్సర్లు ఉన్న చోట చిన్న చిప్పులు వచ్చాయి. సంకేతాన్ని అంకెలుగా మార్చి సాఫ్ట్‌వేరుతో వడగట్టే ఎస్‌డీఆర్ పద్ధతి వచ్చింది. టీవీ చూడటానికి చేసిన చవక యూఎస్‌బీ ముక్కను విస్తృత శ్రేణి రిసీవరుగా వాడవచ్చని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు కనిపెట్టారు. లాగ్‌బుక్ కంప్యూటరులోకి వెళ్లింది. పోస్టులో నెలల తరబడి తిరిగే, సంపర్కాన్ని ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డులకు తోడుగా ఆన్‌లైను ధ్రువీకరణ వచ్చింది. 2003 ప్రపంచ రేడియో సదస్సు తర్వాత షార్ట్‌వేవ్ బ్యాండ్లకు మోర్స్ పరీక్ష తప్పనిసరి అన్న అంతర్జాతీయ నియమం తొలగిపోయింది. భారత్‌లోనూ రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకు మోర్స్ అక్కరలేదు.

మారనివాటి జాబితా ఇంతకంటే ముఖ్యమైనది. 14.1 మెగాహెర్ట్జ్‌కు సగం తరంగదైర్ఘ్యపు డైపోల్ అనే తీగ యాంటెన్నా 1985లో దాదాపు 10 మీటర్లుండేది, ఇప్పుడూ అంతే ఉంటుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 20 మీటర్లు. తీగను నేలకు ఎంత ఎత్తున కట్టాలి, సెట్టును యాంటెన్నాకు కలిపే ఫీడరులో నష్టం ఎక్కడ వస్తుంది, స్టాండింగ్ వేవ్ నిష్పత్తి ఎందుకు పెరుగుతుంది అన్న లెక్కల్లో ఏ మార్పూ లేదు. సూర్యాస్తమయ వేళ బ్యాండు ఎలా మారుతుందో చెవికి తెలిసిన అనుభవానికి కాలదోషం పట్టలేదు. పిలిచే ముందు కాసేపు వినడం, ఖాళీగా ఉందో లేదో అడిగి పౌనఃపున్యం వాడుకోవడం, బలహీనంగా వినిపించేవారికి మొదట అవకాశం ఇవ్వడం, లాగ్ రాయడం అనే మర్యాదలు నేటికీ అవే. కొత్తగా వచ్చినవారు మీటలు నొక్కడం వారంలో నేర్చుకుంటారు. చెవి, చేయి, ఓర్పు సమకూరడానికి వారికి ఏళ్లు పడుతుంది. తిరిగి వచ్చినవాడి దగ్గర ఈ మూడూ ముందే ఉన్నాయి. ఈత వచ్చినవాడికి చెరువు మారినంత మాత్రాన ఈత రాకుండా పోదు.

భారతీయ హామ్‌ల విషయంలో ఈ మాటకు మరింత బలం ఉంది. దిగుమతి ఆంక్షల కాలంలో విదేశీ రిగ్గు అందరికీ అందేది కాదు. పాత ట్రాన్సిస్టరు రేడియోల ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు, సైనిక మిగులు సామాను, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ వీధి వంటి చోట్ల దొరికిన విడిభాగాలతో ఎవరి సెట్టు వారే కట్టుకునేవారు. టంకం పెట్టి, కాయిలు చుట్టి, శ్రుతి కుదరకపోతే మళ్లీ విప్పి కట్టిన ఆ చేతులకు సర్క్యూట్ అంటే ఏమిటో తెలుసు.

ఆ విద్య పాతబడలేదనడానికి హైదరాబాదులోనే నిదర్శనం ఉంది. అక్కడి హామ్, సాఫ్ట్‌వేర్ నిపుణుడు అష్హర్ ఫర్హాన్ 2003లో బిట్‌ఎక్స్ అనే సర్క్యూట్‌ను ప్రకటించాడు. 14 మెగాహెర్ట్జ్ మీద ఆరు వాట్లతో మాట పంపే ట్రాన్సీవరు అది. ఖరీదైన ప్రత్యేక భాగాలు దానికి అక్కరలేదు, సాధారణ దుకాణంలో దొరికే ట్రాన్సిస్టర్లు చాలు. కాయిలు చుట్టడానికి కుళాయి వాషర్లను వాడుకునేలా దాన్ని రూపొందించాడు. ఖండాలన్నిటా హామ్‌లు దాన్ని చూసి కట్టుకున్నారు, తమ అవసరానికి తగ్గట్టు మార్చుకున్నారు. 2017లో దాని వారసుడు మైక్రో బిట్‌ఎక్స్ షార్ట్‌వేవ్ బ్యాండ్లన్నిటినీ చవక ధరలో అందించింది. అందులో సర్క్యూట్ పాత పద్ధతిలో, ఎవరైనా గీసుకుని అర్థం చేసుకోగలిగేలా ఉంటుంది, దాన్ని నడిపే చిన్న కంప్యూటరు ప్రోగ్రాము అందరికీ తెరిచి ఉంటుంది. పాత హామ్‌కు మొదటి సగం వచ్చు, రెండో సగం నేర్చుకోవాలి. కొత్త తరానికి రెండోది వచ్చు, మొదటిది నేర్చుకోవాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఒకరికొకరు గురువులవుతారు.

మోర్స్ సంగతీ ఇంతే. పరీక్ష పోయింది కాబట్టి మోర్స్ పోయిందని చాలామంది అనుకుంటారు. ఏ సాయంత్రమైనా 7 మెగాహెర్ట్జ్ బ్యాండు మొదటి భాగాన్ని వింటే ఆ అభిప్రాయం నిలవదు. మోర్స్ నిలబడటానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. మాట పంపే సింగిల్ సైడ్‌బ్యాండు సంకేతం దాదాపు 2,500 హెర్ట్జ్ వెడల్పు తీసుకుంటుంది, మోర్స్‌కు 150 హెర్ట్జ్ చాలు. వెడల్పు తగ్గినకొద్దీ దానితో పాటు రిసీవరులోకి చొరబడే రొద తగ్గుతుంది. అందుకే మాట వినపడని చోట మోర్స్ వినపడుతుంది, అయిదు వాట్లతో సముద్రాలు దాటుతుంది. దాన్ని పంపే సెట్టు అన్నిటికంటే సులువైనది. మోర్స్‌ను చుక్కలు గీతలుగా కాక శబ్దపు లయగా నేర్చుకున్నవారికి అది పూర్తిగా మరచిపోయేది కాదు. కొన్ని వారాలు రోజూ వింటే తిరిగి చెవికెక్కుతుంది.

కంప్యూటరు మనిషిని తొలగించిందనే వాదం

ఈ వాదం తరచుగా పాత హామ్‌ల నోటి నుంచే వస్తుంది. దాని గురి ఎక్కువగా కంప్యూటరే సంకేతాలు పంపి, చదివే ఎఫ్‌టీ8 అనే పద్ధతి మీద. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వ్యవస్థలో పల్సార్‌ను కనుగొన్నందుకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న జో టేలర్, మరో హామ్ స్టీవ్ ఫ్రాంకేతో కలిసి 2017లో దీన్ని విడుదల చేశాడు. ఇందులో ఒక్కో వంతు 15 సెకన్లు. సంకేతం వెడల్పు 50 హెర్ట్జ్. చెవికి ఏమాత్రం అందని బలహీన సంకేతాన్ని కూడా కంప్యూటరు చదవగలదు. ఒక సంపర్కంలో మారేది కాల్‌సైన్లు, ప్రాంత సూచన, సంకేత బలం, వీడ్కోలు మాత్రమే. పేరు అడగరు, వాతావరణం చెప్పుకోరు.

ఈ ఫిర్యాదులో కొంత నిజం ఉంది. రోజంతా తెర ముందు కూర్చుని మీట నొక్కుతూ దేశాల లెక్క పెంచుకోవడం హామ్ రేడియోకు పరమార్థం కాదు. కానీ ఆ పద్ధతిని అలాగే వాడాలని ఎవరూ శాసించలేదు. ఎఫ్‌టీ8ను, దానికంటే ముందు టేలర్ 2008లో తెచ్చిన విస్పర్ అనే పద్ధతిని కొలత సాధనాలుగా చూస్తే వాటి విలువ తెలుస్తుంది. 1990లో ఒక హామ్ కొత్త యాంటెన్నా కడితే అది ఎటు బాగా పనిచేస్తోందో తెలుసుకోవడానికి నెలలు పట్టేది. ఎవరో పలకాలి, నివేదిక చెప్పాలి, దాన్ని నమ్మాలి. ఇప్పుడు అర వాటుతో కొన్ని నిమిషాలు పంపితే ఆస్ట్రేలియాలో, ఐరోపాలో, ఆఫ్రికాలో ఏ రిసీవర్లు దాన్ని విన్నాయో, ఎంత బలంతో విన్నాయో పటంలో చూడవచ్చు. తీగను అడుగు ఎత్తు పెంచి మళ్లీ చూడవచ్చు. పాతికేళ్ల క్రితం ప్రయోగశాలలకే సాధ్యమైన పరిశీలన నేడు డాబా మీద సాధ్యమైంది. 2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడినప్పుడు హామ్‌సై అనే బృందం పిలుపుపై ఔత్సాహికులు బ్యాండ్లన్నిటా సంకేతాలు పంపి, గ్రహణపు నీడ కింద అయనోవరణం ఎలా మారిందో శాస్త్రవేత్తలకు సమాచారం సమకూర్చారు.

ఇలాంటి పరిశీలనకు తెలుగు నేల ప్రత్యేకంగా తగినది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ తమిళనాడు మీదుగా పోతుంది. దానికి ఉత్తరంగా, మధ్యభారతం దగ్గర, అయనోవరణంలో ఎలక్ట్రాన్ల సాంద్రత శిఖరంగా పెరిగే ప్రాంతం ఉంది. ఆంధ్ర, తెలంగాణలు ఆ రెంటి నడుమ ఉన్నాయి. సూర్యాస్తమయం తర్వాత ఇక్కడి అయనోవరణంలో వచ్చే అలజడులు 50 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఒక్కోసారి భూమధ్యరేఖ దాటించి దక్షిణార్ధగోళంలో దింపుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భావరాజు రామచంద్రరావు అయనోవరణ పరిశోధనకు పునాది వేసిందీ, తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ వెలసిందీ ఈ నేలమీదే. ఆ ఆకాశం కిందే నివసించే హామ్‌కు పరిశీలించడానికి విషయం లేదనడం అన్యాయం.

ఇక మనిషితో మాట్లాడే సరదా పోయిందనడం వాస్తవానికి విరుద్ధం. పొద్దున్నే 7 మెగాహెర్ట్జ్ మీద దేశంలోని హామ్‌లు ఒక చోట చేరి పలకరించుకునే నెట్‌లు నేటికీ నడుస్తున్నాయి. మైకు పట్టుకున్నవారికీ, మోర్స్ కీ పట్టుకున్నవారికీ బ్యాండులో వేర్వేరు చోట్లు ఉన్నాయి. కొత్త పద్ధతి రావడం వల్ల పాత పద్ధతి నిషేధం కాలేదు.

విపత్తు సాయం ఒక్కటే సమర్థన అనే వాదం

ఇది మిత్రుల వాదం, అయినా దీన్నీ సరిచేయక తప్పదు. తుపానులు, భూకంపాలు వచ్చినప్పుడు హామ్‌లు చేసిన సేవ చిన్నది కాదు. 1993 లాతూరు, 2001 భుజ్ భూకంపాల్లో, 1999 ఒడిశా తుపానులో, 2018 కేరళ వరదల్లో వారు సందేశాలు చేరవేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు కరెంటుతో పాటు మొబైలు సేవలూ కుప్పకూలాయి. టవర్ల మీద ఆధారపడని సమాచార మార్గం ఎందుకు అవసరమో ఆ రోజు కోస్తా అంతా చూసింది. గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన యాత్రికులను ఇళ్లకు చేర్చడంలో పశ్చిమ బెంగాల్ హామ్‌ల కృషి ఏటా కనిపిస్తుంది.

అయితే విపత్తు సేవనే ఏకైక సమర్థనగా చూపితే, మిగిలిన రోజుల్లో హామ్ రేడియోకు అర్థం లేదని ఒప్పుకున్నట్టే. శాటిలైట్ ఫోను చవకైన రోజున ఆ సమర్థన కూడా జారిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది, ఆ సేవ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న. 2004 డిసెంబరులో జరిగినది దీనికి తిరుగులేని జవాబు. హైదరాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్లింది. విపత్తు సేవ కోసం కాదు. చాలా ఏళ్లుగా ఎవరూ గాలిలో వినని అండమాన్ కాల్‌సైన్‌ను ప్రపంచ హామ్‌లకు వినిపించాలన్న కేవలం అభిరుచితో వెళ్లింది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. అభిరుచి కోసం పోర్ట్ బ్లెయిర్‌లో నిలబెట్టిన ఆ యాంటెన్నాలే ప్రధాన భూభాగంతో సంబంధానికి దారి అయ్యాయి. వేలాది సంపర్కాలు జరిపి ఆరితేరిన ఆ చెవులే బాధితుల సమాచారం అందుకుని బంధువులకు చేరవేశాయి. ఆట కోసం సాధన చేయకపోతే ఆపదలో నైపుణ్యం ఉండదు. విపత్తు పేరుతో పెట్టెలో దాచిన రిగ్గు, ఏళ్ల తరబడి కీ ముట్టని చేయి ఆ రోజుకు ఎందుకూ కొరగావు. రోజూ సరదాగా గాలిలో ఉండేవాడే అవసరం వచ్చిన రోజు పనికొస్తాడు. కాబట్టి సరదాకు సిగ్గుపడి సేవను అడ్డుపెట్టుకోవలసిన అవసరం లేదు.

తిరిగి వచ్చేవారికి అసలైన అడ్డంకులు

లోకం చెప్పే అడ్డంకులు నిలబడకపోయినా, నిజమైనవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది రొద. ఎల్‌ఈడీ బల్బులు, మొబైలు చార్జర్లు, ఇన్వర్టర్లు, సోలార్ పలకలకు అమర్చిన పరికరాలు షార్ట్‌వేవ్ నిండా కరకర శబ్దం నింపుతున్నాయి. 1990లో నిశ్శబ్దంగా ఉన్న బ్యాండు ఇప్పుడు నగరంలో హోరెత్తుతోంది. పాత హామ్ దీన్ని తన రిసీవరు పాడైనట్టుగా పొరబడి నిరుత్సాహపడతాడు. రిసీవరును బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూస్తే రొద సొంత ఇంటిదో బయటిదో తేలుతుంది. ఇంటిదైతే ఒక్కో పరికరం పెడుతూ తీస్తూ దొంగను పట్టుకోవచ్చు. తీగలకు ఫెర్రైటు రింగులు తొడగడం, చవక చార్జరును మార్చడం చాలాసార్లు సరిపోతాయి. బయటిదైతే యాంటెన్నాను ఇంటి గోడలకు దూరంగా జరపాలి, లేదా బ్యాటరీతో ఊరి బయటి గుట్ట మీదకు వెళ్లాలి. చిన్న సెట్టుతో కొండలు, తోటలు, సముద్రతీరాల నుంచి గాలిలోకి రావడం ఇప్పుడు ప్రపంచమంతా పెరిగిన అలవాటు.

రెండో అడ్డంకి అపార్ట్‌మెంటు. టవరు, తిరిగే బీమ్ యాంటెన్నా అక్కడ కుదరకపోవచ్చు. సన్నని తీగతో ఒక చివర నుంచి ఫీడ్ చేసే యాంటెన్నా, బాల్కనీలో పట్టే లూపు యాంటెన్నా కొంత నష్టంతోనైనా పనిచేస్తాయి. సంఘం పెద్దల అనుమతి అడిగేటప్పుడు లైసెన్సు కాగితం చూపి, ఇది ప్రభుత్వం గుర్తించిన సేవ అని వివరిస్తే చాలా అనుమానాలు తొలగుతాయి. ఆకాశం వైపు చూసే దారి కూడా ఉంది. శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్ఎల్‌వీ మీద ఎగిరిన హామ్‌శాట్, రెండేళ్ల కోసం చేసినదైనా, 2014 దాకా ప్రపంచ హామ్‌లకు సేవ చేసింది. 2018లో ఎగిరిన ఖతార్ భూస్థిర ఉపగ్రహంలోని ఔత్సాహిక ట్రాన్స్‌పాండరు పరిధిలో భారత్ ఉంది. పడమటి వైపు ఆకాశం కనిపించే బాల్కనీలో డీటీహెచ్ డిష్ అంత డిష్ పెట్టి దాన్ని వినవచ్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పైనుంచి పోయే కొద్ది నిమిషాల్లో 145.800 మెగాహెర్ట్జ్ మీద దాని సంకేతం చిన్న యాంటెన్నాకు కూడా అందుతుంది. 2025 జులైలో శుభాంశు శుక్లా ఆ కేంద్రం నుంచి హామ్ రేడియో ద్వారానే భారతీయ విద్యార్థులతో మాట్లాడాడు.

మూడోది లైసెన్సు. గడువు తీరిన లైసెన్సుతో ట్రాన్స్‌మిట్ చేయడం చట్టవిరుద్ధం. కాల్‌సైన్ ఎంత పాతదైనా ఈ నియమానికి మినహాయింపు లేదు. పాత కాగితాలు వెతికి, గడువు చూసి, తీరిపోయి ఉంటే టెలికాం శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. అది చేతికొచ్చేదాకా వినడమే పని. వినడం వృథా కాదు, బ్యాండ్ల కొత్త నడవడి తెలుసుకోవడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

డబ్బు మాత్రం చాలామంది భయపడేంత అడ్డంకి కాదు. తిరిగి రాగానే లక్షల రూపాయల రిగ్గు కొనాలన్నది దుకాణాల ప్రచారం. పదిహేనో ఇరవయ్యో మీటర్ల రాగి తీగ, మంచి ఫీడరు, చిన్న సెట్టు మొదటి ఏడాదికి చాలు. అటక మీది పాత సెట్టు కూడా, ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చి, కరెంటు నెమ్మదిగా ఎక్కించి పరీక్షిస్తే, తరచుగా మళ్లీ పలుకుతుంది.

కాలం కూడా అనుకూలంగానే ఉంది. సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే సౌరచక్రాల్లో 2019 డిసెంబరులో మొదలైన 25వది 2024లో శిఖరానికి చేరింది. అది అంతకుముందు చక్రం కంటే బలమైనది. చక్రం సుమారు 11 ఏళ్లది కాబట్టి శిఖరం దాటాక కూడా ఎగువ బ్యాండ్లు కొన్నేళ్లు తెరిచి ఉంటాయి. అవి మూసుకుపోయే నాటికి 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఎప్పటిలాగే తోడుంటాయి.

ఈ వాదాలన్నిటినీ పరిశీలించాక తేలేది ఒక్కటే. హామ్ రేడియోకు తిరిగి రావడం గతంలోకి పారిపోవడం కాదు, సగంలో ఆగిన చదువును కొనసాగించడం. పాత హామ్‌లు లైసెన్సు గడువు ఈ వారమే చూసుకోవాలి, ఒక తీగ కట్టాలి, వినడం మొదలుపెట్టాలి. రేడియో క్లబ్బులు వారిని గౌరవంగా పిలిచి, పిల్లలకు టంకం పెట్టడం, మోర్స్ వినడం నేర్పే బాధ్యత అప్పగించాలి. కాలేజీల ఎలక్ట్రానిక్స్ విభాగాలు తమ డాబాల మీద వారికి చోటు ఇవ్వాలి. ఆ తరం చేతి విద్యను అందుకోవడానికి మరో ముప్పై ఏళ్లు వేచి ఉండే వీలు మనకు లేదు.